రోల్ కేజ్ పై జాయింట్లకి టార్చ్ అందకపోతే

రేసింగ్ కారుకి సొంతంగా రోల్ కేజ్ (కారు బోల్తా పడితే లోపలివాళ్ళని కాపాడే ఉక్కు పైపుల చట్రం) కట్టుకునేవాళ్ళకి అసలు చిక్కు పైకప్పు కింద వస్తుంది. మెయిన్ హూప్ (ముందు సీట్ల వెనక అడ్డంగా నిలిచే పెద్ద పైపు వంపు) పైమూలల్లో పైపుకీ రేకుకీ మధ్య వేలు దూరడమే కష్టం, ఇక వెల్డింగ్ టార్చ్ ఎలా దూరుతుంది? కింది సగం వెల్డ్ చేసి సరిపెట్టుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. బోల్తా పడినప్పుడు తల కాపాడాల్సింది ఆ అతుకే. చుట్టూ పూర్తిగా వెల్డ్ పడాల్సిందే.

మార్గం ఇదీ. పాదాల ప్లేట్లు పెట్టకుండా కేజ్ మొత్తాన్ని కారులోనే ట్యాక్ చేయండి, అంటే చిన్న చుక్కల వెల్డ్‌తో తాత్కాలికంగా అతకండి, అందినంతవరకు ఎదురెదురుగా. ట్యాక్ ముత్యంలా ఉబ్బి పైపు మీద కూర్చుంటే లోపలికి కరగలేదని అర్థం. గ్రైండ్ చేసి మళ్ళీ వేయండి. తర్వాత కాళ్ళు దిగేచోట ఫ్లోర్‌కి రంధ్రాలు కోసి, కేజ్‌ని నాలుగైదు అంగుళాలు కిందికి దించండి. పై జాయింట్లు చేతికి అందుతాయి. ఒకేచోట గబగబా లాగించేయకుండా కాస్త ఎడమవైపు, కాస్త కుడివైపు వేస్తూ పోండి, లేకపోతే వేడికి హూప్ వంకరపోతుంది.

అవి పూర్తయ్యాక కేజ్‌ని పైకెత్తి, రంధ్రాల మీద ప్లేట్లు పరిచి కాళ్ళు వెల్డ్ చేయండి. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ) నిబంధనల్లో ఆ రీయిన్‌ఫోర్స్‌మెంట్ ప్లేటు కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం ఉండాలి. మీరు ఆడే పోటీ రూల్‌బుక్ పైపు కొనకముందే చూసుకోండి.

బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు, సీట్లు, కార్పెట్ మొదటి ట్యాక్‌కి ముందే బయటికి తీసేయండి.