కెమెరా సంచిలో పనిముట్ల పొట్లం సర్దుకోవడం ఎలా?

పెళ్లి మండపంలో ఫోటోగ్రాఫర్ పని ఆగిపోయేది చాలాసార్లు పెద్ద రిపేర్ల వల్ల కాదు. కెమెరాను ట్రైపాడ్‌కు పట్టించే ప్లేట్ మర వదులై కెమెరా పక్కకు ఒరుగుతుంది. లెన్స్ ముందు తగిలించే ఫిల్టర్ బిగుసుకుపోయి ఊడి రాదు. ఫ్లాష్ వెలగడం మానేస్తుంది, మూత తీసి చూస్తే బ్యాటరీ గూట్లో తెల్లటి పొక్కు. వీటిలో ఏదీ సర్వీస్ సెంటర్‌కు పంపాల్సినంత పని కాదు. అయినా చేతికి సరైన పనిముట్టు అందకపోతే ఆ పూట గండం గడవదు. పురోహితుడు మన కోసం ముహూర్తం ఆపడు కదా.

చెన్నైలో ఈ పొట్లం అవసరం మరికాస్త ఎక్కువ. ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత, మెరీనా వైపు వెళ్తే ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఒక్క నియమం పెట్టుకుంటే సర్దడం తేలికవుతుంది: బయటి నుంచి బిగించగలిగినవాటికి, తుడవగలిగినవాటికి మాత్రమే పనిముట్లు ఉంచుకోవాలి. కెమెరానో లెన్సునో విప్పే సరంజామా ఇందులో వద్దు.

1. ముందు మీ సామాను మీద ఉన్న మరలు చూడండి

దుకాణానికి వెళ్లి ముప్పై రకాల ముక్కలున్న సెట్టు కొనేయకండి. అందులో మూడో నాలుగో తప్ప మీకు పనికిరావు, బరువు మాత్రం అన్నిటిదీ మోయాలి. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ట్రైపాడ్, దాని తల, ప్లేట్లు, పెద్ద లెన్స్ కింది కాలు, ఫ్లాష్ బ్రాకెట్, అన్నీ పెట్టండి. కనిపించే ప్రతి మర తల ఏ ఆకారంలో ఉందో, దానికి ఏ సైజు పడుతుందో కాగితం మీద రాసుకోండి. ప్లేట్లకు ఎక్కువగా 4 లేదా 5 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) సరిపోతుంది. కొన్ని ప్లేట్ల మరకు నాణెం పట్టే గాడి ఉంటుంది. ట్రైపాడ్ కాళ్ల కీళ్ల దగ్గర నక్షత్రం ఆకారపు తలలు కూడా కనిపించవచ్చు. మీ జాబితాలో ఉన్న సైజులే కొనండి.

కెమెరా అడుగున పట్టే మర పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు. బరువైన ట్రైపాడ్ తలలకు 3/8 అంగుళం. పావు అంగుళం మర ఒకటి అదనంగా ఉంచుకోవడం మంచిదే, కానీ పొడవు దగ్గర జాగ్రత్త. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పావు అంగుళం బోల్టు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. కెమెరా గుంతలోకి వెళ్లాల్సింది మాత్రం దాదాపు 5 మిల్లీమీటర్లే. అంతకంటే పొడవైనదాన్ని బలవంతంగా తిప్పితే గుంత అడుగు దెబ్బతింటుంది. అందుకే ఫోటో సామాను దుకాణంలో ప్లేటు కోసమే చేసిన మర అడిగి తీసుకోండి.

2. స్క్రూడ్రైవర్ ఎంపికలో పిసినారితనం వద్దు

జపాన్ కంపెనీల కెమెరాలు, లెన్సుల మీద ప్లస్ గుర్తులా కనిపించే మరలు చాలావరకు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. వాటిని జేఐఎస్ అంటారు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన అందులో పూర్తిగా కూర్చోదు. కాస్త గట్టిగా తిప్పగానే జారి పైకి వస్తుంది, మర తల అరిగి గుండ్రమవుతుంది. ఆ తర్వాత దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ పనిముట్లు అమ్మే దుకాణాల్లో జేఐఎస్ అని చెప్పి 0, 00 సైజులు అడగండి. కొనేముందు పాత లెన్స్ ఏదైనా ఉంటే దాని మర మీద పెట్టి చూడండి: మొన ఊగకుండా నిలబడాలి.

ఈ స్క్రూడ్రైవర్ వదులైన మరను బిగించడానికే. రెండు వేళ్ల బలం చాలు, మణికట్టు బలం అక్కర్లేదు. పదేపదే వదులయ్యే ప్లేటు మరకు ఇంట్లోనే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేసి ఆరనివ్వండి. నీలం రంగుదైతే మామూలు పనిముట్టుతో మళ్లీ తీయవచ్చు. ఎరుపుది వేస్తే వేడి చేస్తే తప్ప రాదు.

ఫ్లాష్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. లోపలి కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉంటాయి, బ్యాటరీలు తీసేసిన తర్వాత కూడా.

3. తుడిచే సామాను: అసలు పని ఇక్కడే

బ్లోయర్ (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి), మెత్తటి కుంచె, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, లెన్స్ తుడిచే ద్రవం ఉన్న చిన్న సీసా. గుడ్డలు రెండెందుకంటే ఒకటి అద్దానికి, ఇంకొకటి కెమెరా ఒంటికి. కలిపేస్తే ఒంటికి అంటిన చెమట, ఉప్పు లెన్స్ మీదికి వెళ్తాయి. వేర్వేరు రంగులవి తీసుకుంటే తికమక ఉండదు.

తెలుగు పెళ్లిలో లెన్స్ మీదికి ఏమేం వస్తాయో ఒకసారి ఊహించుకోండి. పసుపు, కుంకుమ పొడి. తలంబ్రాల వేళ బియ్యంతోపాటు ఈ మధ్య కలుపుతున్న రంగురంగుల థర్మకోల్ పూసలు. ఇవి పట్టుకున్న చోటల్లా అతుక్కుంటాయి, చేత్తో తోస్తే ఇంకో పక్కకు పోయి కూర్చుంటాయి. వీటిని ఎవరు కనిపెట్టారో కానీ ఫోటోగ్రాఫర్ల ఉసురు తప్పక తగులుతుంది. పొడినీ పూసలనూ గుడ్డతో తుడవకండి. కెమెరా ముఖాన్ని నేల వైపు వంచి బ్లోయర్‌తో ఊదండి, మిగిలినదాన్ని కుంచెతో తేలిగ్గా దులపండి.

హోమం పొగ సంగతి వేరు. అందులో నేతి జిడ్డు ఉంటుంది కాబట్టి పొడిగుడ్డతో రుద్దితే మరక అద్దమంతా పరుచుకుంటుంది, ఎదురుగా దీపం వచ్చిన ప్రతి ఫోటోలోనూ మసక తెర కనిపిస్తుంది. ముందు ఊది దుమ్ము పోగొట్టాలి. తర్వాత ద్రవం ఒకటి రెండు చుక్కలు గుడ్డ మీద వేసుకోవాలి. నేరుగా లెన్స్ మీద వేస్తే అంచు సందులోంచి లోపలికి దిగుతుంది. అద్దం మధ్య నుంచి మొదలుపెట్టి చిన్న చుట్లు తిప్పుతూ అంచుకు రండి. గుడ్డ పొడి భాగంతో అలాగే ఇంకోసారి.

కాసిమేడు చేపల రేవులోనో మెరీనాలోనో తీసిన రోజు, ఇంటికి రాగానే కెమెరా ఒంటిని మంచినీటిలో తడిపి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి అద్దేయండి. ఎండిన ఉప్పును పొడిగా రుద్దితే గీతలు పడతాయి.

డబ్బాల్లో అమ్మే గాలి స్ప్రే వద్దు. డబ్బా వంగితే గాలికి బదులు చల్లటి ద్రవం చిమ్ముతుంది, పైగా దాన్ని విమానంలోకి రానివ్వరు.

4. టేపు, రబ్బరు బ్యాండ్లు, ఇంకా చిల్లర సామాను

గాఫర్ టేపు గుడ్డతో చేసినది, చేత్తో చింపవచ్చు, తీశాక జిగురు పెద్దగా మిగల్చదు. చెన్నై ఎండకు గోధుమరంగు ప్యాకింగ్ టేపు పెట్టారంటే జిగురంతా కెమెరాకే మిగులుతుంది. చుట్ట మొత్తం మోయకుండా, గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు చుట్టూ రెండు మీటర్లు చుట్టుకుంటే చాలు. బయట కూర్చుని మర విప్పాల్సి వస్తే దీనికి ఇంకో ఉపయోగం ఉంది: జానెడు ముక్కను జిగురు వైపు పైకి ఉండేలా ఒళ్లో పరిచి, తీసిన మరలను తీసిన వరుసలోనే దాని మీద అంటించండి. గాలికి ఎగరవు, వరుసా తప్పదు.

వెడల్పాటి రబ్బరు బ్యాండు బిగుసుకున్న ఫిల్టర్ కోసం. ఫిల్టర్ అంచు చుట్టూ వేసి, నొక్కకుండా, వేళ్లన్నిటితో సమానంగా పట్టుకుని తిప్పండి. గట్టిగా నొక్కితే గుండ్రటి రింగు కోలగా మారి మరింత బిగుస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

కేబుల్ టైలు నాలుగు, చిన్న ట్వీజర్, నుదుటికి కట్టుకునే టార్చి, రెండు దూది పుల్లలు. బ్యాటరీ గూట్లో ఆల్కలైన్ బ్యాటరీ కారి తెల్లగా పొక్కితే, అది క్షారం కాబట్టి పుల్లను నిమ్మరసంలో కాస్త తడిపి తుడిస్తే విరుగుతుంది. నిమ్మకాయ ఏ మండపం వంటింట్లోనైనా దొరుకుతుంది! తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త బ్యాటరీలు వేయండి.

వాన కాలంలో హోటల్ గదుల్లో ఇచ్చే స్నానపు టోపీ ఒకటి. కెమెరా మీద తొడిగితే చిరుజల్లుకు ఢోకా లేదు.

5. పెట్టకూడనివి

సూపర్ గ్లూ సంచిలోనే ఉండకూడదు. దాని ఆవిరి దగ్గర్లోని అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు, ఆ నూనె పాకుతూ పోయి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

6. సర్దడం

పిల్లల పెన్సిల్ సంచి చాలు, జిప్పు ఉంటే చాలు. ముదురు పసుపో నారింజో అయితే నల్లటి సంచిలో వెతుక్కోనక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనలకు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగి, లెన్సులకు దూరంగా బయటి అరలో పెట్టండి. మొత్తం పావు కిలో దాటితే ఏదో ఒకటి అనవసరంగా చేరిందన్నమాట. సిలికా జెల్ పొట్లాలు మాత్రం లెన్సుల పక్కనే ఉండాలి, రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టాలి. తేమ పట్టిన లెన్సులో బూజు పట్టడానికి చెన్నై గాలి చాలు.

7. ప్రయాణం

విమానంలో స్క్రూడ్రైవర్లు, ప్లయర్ లాంటివి చేతి సామానులో అనుమతించరు, కార్గోలో వేసే పెట్టెలోకి వెళ్లాలి. విడిగా ఉన్న లిథియం బ్యాటరీలు అందుకు వ్యతిరేకం: వాటిని తప్పకుండా చేతి సామానులోనే ఉంచాలి, కొనలకు ఆ గాఫర్ టేపే చిన్న ముక్క అంటించి. మెట్రో స్టేషన్లలోనూ సంచిని స్కాన్ చేస్తారు కాబట్టి పొట్లంలో కత్తి ఉంచుకోకపోవడమే సుఖం. చేతి సామానుతోనే హైదరాబాద్ పెళ్లికి వెళ్లొచ్చేవారు నాణెం గాడి ఉన్న ప్లేటు మర వేయించుకోండి. బిగించడానికి జేబులోని రెండు రూపాయల బిళ్ల సరిపోతుంది.