చిన్న మోటారు బోటుకు పరికరాలు అమర్చుకోవడం ఎలా?

అమెరికాలోని అట్లాంటా నగరానికి ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో, రెండు మూడు వేసవులు బోటును అద్దెకు తీసుకున్నాక "ఇంత అద్దె పోసే బదులు ఒకటి కొనేస్తే పోలేదా" అనుకునేవారు ఉంటారు. అలా మొదలుపెట్టేవారికి 16 అడుగుల అల్యూమినియం బోటు, 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయటి వైపు తగిలించేది), వాటిని మోసే ట్రైలరు సరిపోతాయి. నేను మొదలుపెట్టిందీ వాటితోనే. బోటుతో పాటు చేతికి వచ్చే సరంజామా మాత్రం చాలా తక్కువ. మిగతావన్నీ కొనుక్కుని, మనమే అమర్చుకోవాలి.

దుకాణంలో ముందుగా కంటికి ఆనేవి స్పీకర్లు, చేపల జాడ చూపే తెరలు. నా మొదటి ఖర్చు కూడా వాటి మీదే అయింది. ఆ పొరపాటు మీరు చేయకండి. ముందు మనుషుల ప్రాణం నిలిపేవి, తర్వాత నీటిని బోటు బయట ఉంచేవి, ఆ తర్వాత కరెంటు, చివరికి సరదా సామగ్రి అనే వరుసలోనే డబ్బు తీయాలి.

పనిలోకి దిగే ముందు రెండు మాటలు చెప్పుకుందాం. మన కోస్తా పడవవాళ్లు పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. "ముందు", "వెనక" అనే మాటలతో వచ్చే గందరగోళం ఉండదు కాబట్టి ఇక్కడ నేనూ ఆ మాటలే వాడతాను.

1. బరువు లెక్క వేసుకోవడం

బోటు లోపల, నడిపేవారికి కనిపించే చోట, ఒక చిన్న రేకు బిగించి ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చో, మొత్తం ఎంత బరువు పట్టవచ్చో, ఎంత శక్తిగల మోటారు పెట్టవచ్చో దాని మీద రాసి ఉంటుంది. నా బోటు రేకు మీద ఐదుగురు మనుషులు అనీ, మనుషులు, మోటారు, సామాను అన్నీ కలిపి 1100 పౌండ్లు అనీ ఉంది. ఐదుగురు అనే అంకెను మాత్రమే చూసి సంతోషించాను. తర్వాత కాగితం మీద లెక్క కడితే మోటారు 240 పౌండ్లు, రెండు బ్యాటరీలు 115, నిండు 12 గాలన్ల పెట్రోలు ట్యాంకు 80, ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టేటప్పుడు బోటును నెమ్మదిగా నడిపే చిన్న కరెంటు మోటారు) 35, లంగరూ గొలుసూ తాళ్లూ కలిపి 20 పౌండ్ల దాకా తేలాయి. మనుషులకు మిగిలింది 610 పౌండ్లు. అంటే పులిహోర డబ్బా, మంచుపెట్టె లెక్కలోకి రాకముందే నలుగురు పెద్దలకు మించి చోటు లేదు. కొనబోయే ప్రతి వస్తువు బరువునూ ఇలా రాసుకుంటే, సగం వస్తువుల మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

2. చట్టం అడిగేవి, ప్రాణం అడిగేవి

బోటులో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు ఉండాలి. అవి అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదించినవై, వేసుకునేవారి కొలతకు సరిపోవాలి. జార్జియాలో, కదులుతున్న బోటులో ఉన్న 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ ఒంటి మీద వేసుకునే ఉండాలి. పెద్దలకు ఛాతీ చుట్టుకొలతను బట్టి, పిల్లలకు బరువును బట్టి కొనాలి. పిల్లల జాకెట్లు 30 పౌండ్లలోపు, 30 నుంచి 50, 50 నుంచి 90 పౌండ్లు అనే తరగతులుగా దొరుకుతాయి. "పెరుగుతాడు కదా" అని స్కూలు యూనిఫాం లాగా ఒక సైజు పెద్దది కొనడం ఇక్కడ ప్రమాదం. జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే, నీటిలో తల లోపలికి జారిపోతుందని అర్థం.

నీళ్లలో పడితే గాలి నిండే రకం జాకెట్లు తేలికగా, చూడ్డానికి బాగుంటాయి కానీ అవి 16 ఏళ్లలోపు వారికి పనికిరావు, ఈత రానివారికి తగినవి కావు. ఇండియా నుంచి వచ్చే మన అమ్మానాన్నలలో ఈత వచ్చినవారు తక్కువ కాబట్టి వారికి ఫోము జాకెట్లే కొనండి. చీర మీద కూడా అవి చక్కగా బిగుస్తాయి. కొంగును మాత్రం నడుములో దోపుకుని, అమరం వైపు కాకుండా మధ్య బెంచీ మీద కూర్చోమని చెప్పండి.

16 అడుగులు, అంతకు మించిన బోటులో, నీటిలో పడినవారికి విసిరే తేలే దిండు లేదా రింగు ఒకటి ఉండాలి. దాన్ని సీటు కింద పెట్టెలో దాచిపెడితే లేనట్టే. మంటలార్పే సిలిండరు మీద 5-బి అనే గుర్తు ఉన్నది తీసుకోండి. 2022 ఏప్రిల్ 20 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, తిరిగి నింపడానికి వీలులేని సిలిండరును తయారైన 12 ఏళ్ల తర్వాత ఉంచకూడదు. పాత బోటుతో పాటు పాత సిలిండరు కూడా వస్తుంది కాబట్టి దాని మీద అచ్చు వేసిన తయారీ సంవత్సరం చదవండి. ఒక ఈల, సూర్యాస్తమయం తర్వాత వెలిగించడానికి అణియం దగ్గర ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, అమరం మీద ఎత్తున తెల్ల దీపం కావాలి. మోటారు మొరాయించిన రోజున ఒడ్డు చేర్చడానికి ఒక జత తెడ్లు కూడా పెట్టుకోండి.

మోటారు ఆపే ఎర్ర తాడు గురించి వేరుగా చెప్పాలి. దాని ఒక కొన మోటారు స్విచ్చుకు, మరో కొన నడిపేవారి జాకెట్‌కు తగిలించి ఉంటుంది. మనిషి నీటిలో పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. 26 అడుగులలోపు బోట్లలో, 3 హార్స్‌పవర్, అంతకు మించిన మోటార్లకు దీన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. రెండో తాడు ఒకటి కొని బోటులోనే ఉంచండి. మొదటి తాడు నడిపేవారితో పాటు నీటిలోకి పోయినప్పుడు, బోటులో మిగిలినవారు మోటారు మళ్లీ స్టార్ట్ చేయడానికి అదే దిక్కు.

3. రంధ్రాలు, నీళ్లు

బోటుకు పెట్టే ప్రతి రంధ్రమూ ఒక అప్పు వంటిది. దాని మీద కన్నేసి ఉంచాల్సిన బాధ్యత ఏళ్ల తరబడి మనదే. అందుకే రంధ్రం చేయకుండా పని జరిగే మార్గం ఉందేమో ముందు చూడాలి. తప్పనప్పుడు, కొలత రెండుసార్లు చూసుకుని, సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, ముందు సన్నని బిట్‌తో, తర్వాత అసలు సైజు బిట్‌తో తొలవాలి. అంచుల మీద లేచిన లోహపు పెచ్చును ఆకురాయితో తీసి, రంధ్రం నిండా మెరైన్ సీలెంట్ (నీరు చొరకుండా ఆపే జిగురు) పూసి, అప్పుడు స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించాలి. జన్మలో ఊడని రకం సీలెంట్ కూడా దుకాణాల్లో ఉంటుంది. దాన్ని వాడితే, రేపు పరికరం మార్చాలన్నప్పుడు పెయింటు కూడా ఊడి వస్తుంది.

స్టెయిన్‌లెస్, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియమే తినుకుపోయి, స్క్రూ చుట్టూ తెల్లటి పొడి లేస్తుంది. ఆ రెండింటి మధ్య సీలెంట్ గానీ, దీనికోసమే అమ్మే పేస్టు గానీ ఉండాలి. నేల పలక మార్చేటప్పుడు, చెద పట్టకుండా రాగి మందు ఎక్కించిన ప్లైవుడ్‌ను అల్యూమినియానికి ఆనించి వేస్తే అదే కథ ఇంకా వేగంగా జరుగుతుంది.

అమరం అడుగున ఉండే నీళ్లు వదిలే రంధ్రానికి ఒక బిరడా ఉంటుంది. నా మొదటి రోజున బోటును ర్యాంపు మీద నుంచి నీటిలోకి దింపి, తాడు కట్టి, కారు నిలిపి వచ్చేసరికి లోపల చెప్పులు తేలుతున్నాయి. బిరడా కారు డాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా కారు తాళంచెవుల గుత్తిని చూపించాడు. ఆయన విడి బిరడా అందులో వేలాడుతోంది. ఆ సాయంత్రమే నేనూ ఒకటి కొన్నాను.

బిల్జ్ పంపు అంటే అడుగున చేరిన నీటిని తోడిపోసే చిన్న మోటారు. దాన్ని అమరం దగ్గర, నీళ్లు చివరగా నిలిచే పల్లంలో బిగించాలి. డబ్బా మీద గంటకు 800 గాలన్లు అని ఉన్నా, నీటిని రెండు మూడు అడుగులు ఎత్తి, మడతల గొట్టం గుండా నెట్టేటప్పుడు అది తోడేది అంతకంటే బాగా తక్కువ. లోపలి గోడలు నున్నగా ఉన్న గొట్టం వేసి, దాని మూతిని నీటిమట్టానికి వీలైనంత ఎత్తున బయటికి తీయండి. మూతి కిందికి ఉంటే చెరువే ఆ గొట్టంలోంచి లోపలికి వస్తుంది. పంపు ఉంది కదా అని ధీమా వద్దు. నీటిమట్టానికి అడుగు లోతున అంగుళం వెడల్పు రంధ్రం తెరుచుకుంటే గంటకు 700 నుంచి 1200 గాలన్ల దాకా నీరు వస్తుంది.

4. కరెంటు

ఎక్కువ తిప్పలు పడేది ఇక్కడే. మోటారు స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ, మిగతా పరికరాలకు డీప్ సైకిల్ బ్యాటరీ (చాలాసేపు కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చే రకం) మరొకటి పెట్టుకోండి. పాటలు వింటూ కూర్చుంటే ఖాళీ అయ్యేది రెండోదే అవుతుంది కాబట్టి ఇంటికి రావడానికి మొదటిది మిగులుతుంది. రెండింటినీ పెట్టెల్లో పెట్టి, పట్టీతో కదలకుండా బిగించి, తీగలు కలిపే కొనలకు రబ్బరు తొడుగులు వేయండి.

బ్యాటరీ పాజిటివ్ కొన నుంచి 7 అంగుళాలలోపే ప్రధాన ఫ్యూజు ఉండాలన్నది బోటు వైరింగులో పాటించే ప్రమాణం. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. ఫ్యూజు దూరంగా ఉంటే, దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగ ఎక్కడో ఒరుసుకుని అల్యూమినియానికి తగిలిన రోజున ఆపేవాడు ఉండడు. అక్కడి నుంచి ఫ్యూజు ప్యానెల్‌కు ఒక లావు తీగ, ప్యానెల్ నుంచి ఒక్కో పరికరానికి ఒక్కో ఫ్యూజు వేయండి. బిల్జ్ పంపు ఆటోమేటిక్ తీగ ఒక్కటి మాత్రం మెయిన్ స్విచ్చును దాటి, తన సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి చేరాలి. మనం లేనప్పుడు వర్షం వస్తే పంపు తనంతట తాను తిరగాలి కదా. నెగటివ్ తీగకు బదులు బోటు లోహాన్నే వాడుకునే కక్కుర్తి వద్దు. దానివల్ల బోటు అడుగు తుప్పుకు ఆహారం అవుతుంది.

తీగ లావును అంచనాతో కాకుండా లెక్కతో నిర్ణయించుకోవాలి. దీపాలు రెండు ఆంపియర్లు తీసుకుంటాయనుకుందాం. అణియం దాకా పోయి రావడానికి 30 అడుగుల తీగ పడుతుంది. పోను, రాను రెండూ కలపడం మరిచిపోకూడదు. 12 వోల్టులలో 3 శాతానికి మించి పోకూడదనుకుంటే 18 గేజ్ తీగ చాలదు, 16 గేజ్ సరిపోతుంది (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది). నేను దీపాలకు 14 గేజ్ వేశాను, ఎందుకంటే సన్నని తీగ కరెంటును మోయగలిగినా కుదుపులకు తెగుతుంది. తీగ తగరం పూత ఉన్న రాగి పోగులదై ఉండాలి. ఇంటి గోడల్లో వేసే ఒంటి పోగు తీగ బోటుకు పనికిరాదు.

తీగ కొనకు టెర్మినల్ అనే లోహపు తొడుగు నొక్కే జాయింట్ల దగ్గర పటకారు వాడకండి. నేను మొదట పటకారుతోనే నొక్కాను. లాగి చూస్తే గట్టిగానే అనిపించింది. నాలుగు వారాల తర్వాత, చీకటి పడేవేళ అలలకు బోటు ఎగిరినప్పుడల్లా ఆకుపచ్చ దీపం కన్ను కొట్టసాగింది. విప్పి చూస్తే తీగ పోగుల్లో సగం టెర్మినల్‌లోంచి జారి, మిగతా సగం ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పూర్తిగా నొక్కేదాకా వదలని రాట్చెట్ క్రింపరు అనే పనిముట్టు కొని, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టాలు తొడిగి, వేడి చేసినప్పుడు అంచుల్లో జిగురు పూస కనిపించేదాకా ఆగండి. అప్పుడే ఆ జాయింటులోకి నీరు పోదు.

5. లంగరు, తాళ్లు

లేనియర్ అడుగున ఎర్రమట్టి ఉన్న చోట్ల, రెండు రెక్కల ఫ్లూక్ లంగరు బాగా దిగుతుంది. లంగరును పట్టి ఉంచేది దాని బరువు కంటే తాడు పొడవే. లోతు 10 అడుగులు, అణియం ఎత్తు 2 అడుగులు అయితే, మొత్తం 12కు ఏడింతలు, అంటే 84 అడుగుల తాడు వదలాలి. గాలి లేని మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఐదింతలు చాలు. లంగరుకూ తాడుకూ మధ్య ఆరడుగుల గొలుసు వేసి, 3/8 అంగుళం లావున్న నైలాన్ తాడు 100 అడుగులు తీసుకోండి. లోయను ముంచి కట్టిన చెరువు కాబట్టి అడుగున చెట్ల మొద్దులున్నాయి. లంగరు తల దగ్గర విడిగా సన్న తాడు కట్టి, దానికి ఒక తేలే బుడ్డి తగిలిస్తే, ఇరుక్కున్నప్పుడు వెనక నుంచి లాగి విడిపించవచ్చు.

లంగరు తాడును ఎప్పుడూ అణియానికే కట్టాలి. అమరం తక్కువ ఎత్తులో ఉంటుంది, మోటారు బరువూ అక్కడే. వెనక కడితే పెద్ద బోటు లేపిన అల నేరుగా లోపలికి వస్తుంది. తాళ్లు కట్టే క్లీట్లకు స్క్రూలు కాకుండా, అవతలి వైపు పలక వేసి బోల్టులు బిగించాలి.

6. సరదా సామగ్రి

చేపల జాడ చూపే యంత్రం కోసం నీటిలోకి శబ్దతరంగాలు పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసరును ప్రొపెల్లరు నుంచి 15 అంగుళాలైనా ఎడంగా బిగించండి, లేకపోతే తెర మీద చేపల బదులు నురగ కనిపిస్తుంది. అమరానికి ఒక ప్లాస్టిక్ పలక అంటించి, స్క్రూలను ఆ పలకలోకి దింపితే, స్థానం ఎన్నిసార్లు మార్చినా బోటుకు కొత్త రంధ్రం పడదు. 55 పౌండ్ల నెట్టుడు బలం (ఇది దాని బరువు కాదు) ఉన్న ట్రోలింగ్ మోటారు నిండు వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి దానికి 60 ఆంపియర్ల బ్రేకరు వేయండి. బ్యాటరీ 10 అడుగుల దూరంలో ఉంటే 6 గేజ్ తీగ చాలు. బ్యాటరీ అమరంలో, ట్రోలింగ్ మోటారు అణియంలో ఉంటే 4 గేజ్ కావాలి.

7. నీటిలో తొలి పరీక్ష

ఇంటి ముందే దీపాలు, పంపు, ఈల చూసుకున్నాక, వారం మధ్యలో, ర్యాంపు ఖాళీగా ఉన్న రోజున ఒక్క సహాయకుడితో బయలుదేరండి. బిరడా బిగించి, బోటును నీటిలోకి దింపి, ట్రైలరు విన్చ్ (బోటును లాగే చక్రం) పట్టీ మాత్రం విప్పకుండా ఐదు నిమిషాలు ఆగండి. టార్చిలైటుతో అమరం లోపల ప్రతి కొత్త స్క్రూ చుట్టూ చూడండి. ఒక బకెట్ నీళ్లు పోసి పంపు దానంతటదే తిరుగుతుందో లేదో చూడండి. మోటారు స్టార్ట్ చేసి, ఎర్ర తాడు లాగి, అది వెంటనే ఆగుతుందో లేదో కూడా చూడండి. ఎక్కడైనా తడి కనిపిస్తే, పట్టీ ఇంకా తగిలించే ఉంది కాబట్టి, విన్చ్ తిప్పి బోటును మళ్లీ ట్రైలరు మీదికి లాక్కోవచ్చు.