పంది నాలుక చూసి పురుగు తిత్తులు పట్టడం ఎలా?

పంది కొనేటప్పుడు బరువు చూస్తారు, వెంట్రుక నిగనిగ చూస్తారు, గంటసేపు బేరం ఆడతారు. నోరు తెరిచి చూసేవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. ఆ ఒక్కరైనా నాలుకని ఒకసారి బయటికి లాగి, 'బాగానే ఉంది' అని వదిలేస్తారు. అది పరీక్ష కాదు. ఇరవై రెండేళ్ళుగా పందులు పెంచుతున్నాను, కొంటున్నాను, అమ్ముతున్నాను. నా చేతికింద వేల నాలుకలు వెళ్ళాయి. రెండు నిమిషాలు ఓపిక పడితే దొరికే రోగాన్ని తొందరలో వదిలేసి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళని చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

ముందు మనం దేన్ని వెతుకుతున్నామో తెలియాలి. బద్దెపురుగులో పంది ద్వారా వచ్చే రకం ఒకటుంది. డాక్టర్లు టీనియా సోలియం అంటారు. పెద్ద పురుగు మనిషి పేగులో ఉంటుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు మీటర్లు పెరుగుతుంది. దాని తోక నుంచి ముక్కలు తెగి మలంలో పడతాయి. ఒక్కో ముక్కలో 50 వేల దాకా గుడ్లు ఉండొచ్చు. ఆ మనిషి ఆరుబయటికి వెళితే, తిరుగుడు పంది వచ్చి ఆ మలం తింటుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పేగు గోడ దాటి, రక్తంలో పడి, కండల్లో, నాలుకలో, గుండెలో, మెదడులో తిత్తులు కట్టుకుని కూర్చుంటాయి. ఆ తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడక్కుండా తిన్న మనిషి పేగులో మళ్ళీ పెద్ద పురుగు తయారవుతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే. పంది మాంసం తిన్నంత మాత్రాన పురుగు మెదడులోకి ఎక్కదు. మాంసంలో తిత్తి తింటే పేగులో పురుగు వస్తుంది. మెదడులో తిత్తి రావాలంటే పురుగు గుడ్లు నోట్లోకి వెళ్ళాలి, ఆ గుడ్లు వచ్చేది పురుగున్న మనిషి మలం నుంచే. కడుక్కోని చేతులు, మురుగు నీళ్ళతో పండించి సరిగా కడగని ఆకుకూరలు, ఇవీ దారులు. క్యాబేజీ తింటే పురుగు మెదడుకి పాకుతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు. తప్పు క్యాబేజీది కాదు, దానికి అంటిన మురుగుది. మా పక్కింటి అబ్బాయికి పదకొండేళ్ళప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. గాలి సోకిందని రెండేళ్ళు తాయెత్తులు కట్టించారు, చివరికి స్కానింగ్‌లో తిత్తి కనబడింది. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరైన వైద్యం దొరికి ఆ అబ్బాయి ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ రెండేళ్ళు ఆ తల్లి పడ్డ టెన్షన్ నేను కళ్ళారా చూశాను.

కావలసినవి

వేలెడు మందం నూలు తాడు, మూరెడు వేప కర్ర, పాత నూలు గుడ్డ, పల్చటి చేతి తొడుగులు, టార్చి, థర్మామీటరు, చిన్న నోటుబుక్కు. నైలాను తాడు వద్దు, దవడ కోసేస్తుంది. ఇనుప గొట్టం అసలే వద్దు, పంది కొరికితే పళ్ళు విరుగుతాయి.

ముట్టుకునే ముందు

తెల్లవారుజామునే చేయండి. పందికి మనలా చెమట పట్టదు, ఎండలో పెనుగులాడితే చచ్చిపోతుంది. నెలలు నిండిన చూడి పందిని, నాలుగు నెలల లోపు పిల్లల్ని నేను పట్టుకోను. గుడ్డు కడుపులో పడ్డాక తిత్తి చేతికి తగిలేంత కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి చిన్న పిల్లల్లో ఏమీ దొరకదు.

దొడ్డి బయట నిలబడి ఐదు నిమిషాలు చూడండి. మేత మానేసి మూల పడుకున్నదీ, చెవులూ పొట్టా ఎర్రబడి నీలం తిరిగినదీ ఉంటే పరీక్ష అక్కడితో ఆపేయండి. పంది ఒంటి వేడి మామూలుగా 102 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. 104 దాటితే జ్వరమే. అది మామూలు పంది జ్వరం కావచ్చు, 2020లో అస్సాం, అరుణాచల్‌లతో మన దేశంలోకి అడుగుపెట్టిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు. ఈ రెండూ మనుషులకి సోకవు. కానీ మీ చెప్పులకీ తాడుకీ అంటుకుని ఇంకో ఊరి దొడ్డిని ఖాళీ చేస్తాయి. వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. అమ్మకండి, కోయకండి, వేరే దొడ్డికి వెళ్ళకండి.

పట్టుకోవడం

నలభై కిలోల లోపు పందిని ఎడమ పక్కకి పడుకోబెట్టి, ఒకరు మెడ మీద మోకాలు ఆనిస్తే చాలు. బరువంతా మోపకండి. పెద్ద పందికి తాడు ఉచ్చు వేయాలి. నోరు తెరవగానే ఉచ్చుని పై దవడ మీదుగా కోరల వెనక్కి జారనిచ్చి బిగించండి. పంది వెనక్కి లాగుతుంది, అరుస్తుంది, కానీ కదలకుండా నిలబడుతుంది. కింది దవడకి ఉచ్చు వేయకూడదు. నాలుగైదు నిమిషాలకి మించి పట్టి ఉంచకండి.

నాలుక చూడడం

చాలామంది చెడగొట్టేది ఈ మెట్టే. ఇక్కడ తొందరపడేవాళ్ళు అసలు పందిని పట్టుకోకపోవడమే మంచిది.

వేప కర్రని కోరల వెనక అడ్డంగా పెట్టి, నెమ్మదిగా తిప్పితే నోరు తెరుచుకుంటుంది. కర్రని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి చూపు కర్ర మీదే ఉండాలి, మీతో కబుర్లు చెప్పకూడదు. మీ వేళ్ళు ఎప్పుడూ వెనక దవడ పళ్ళ మధ్యకి పోకూడదు. ఎంత సాధువైన పందైనా వేలు నుజ్జు చేయగలదు.

నాలుకని ఉత్త చేత్తో పట్టుకుంటే జారిపోతుంది. జారిందని గట్టిగా గుంజుతారు, అప్పుడు నాలుక కింది పొర చిరిగి నెత్తురు వస్తుంది, ఆ నెత్తుట్లో ఇక ఏదీ కనిపించదు. గుడ్డతో పట్టుకోండి. ఎదురుగా కాకుండా నోటి పక్కకి లాగండి. పక్కకి లాగితే నాలుక దానంతటదే తిరగబడి అడుగు భాగం పైకి వస్తుంది. మీకు కావలసింది ఆ అడుగే.

ముందు కళ్ళతో చూడండి. గుడ్డతో జిగురు తుడిచి, టార్చిని నేరుగా కాకుండా ఏటవాలుగా పట్టండి. ఏటవాలు వెలుగులో చిన్న బుడిపె కూడా నీడ వేస్తుంది. తిత్తి ఎలా ఉంటుందంటే, ఉడికిన సగ్గుబియ్యం గింజలా. పలచటి పొర, లోపల నీళ్ళు, మధ్యలో తెల్లటి చుక్క. ఆ చుక్కే పురుగు తల. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. అరిస్టాటిల్ కాలంలో గ్రీకులు వీటిని వడగళ్ళతో పోల్చారు. మధ్యయుగాల ఫ్రాన్సులో సంతల్లో పంది నాలుకలు చూడడానికే ప్రత్యేకంగా మనుషులు ఉండేవారు. అంత పాత విద్య ఇది.

కంటితో చూశాం కదా అని ఆపేయకండి. లోతుగా ఉన్నవి కంటికి కనబడవు. బొటనవేలు అడుగున, చూపుడువేలు పైన పెట్టి, నాలుక మొదట్లో మొదలుపెట్టి కొసదాకా రండి. వత్తకూడదు, రాయాలి. పిండిలో రాయి వెతికేటప్పుడు వేళ్ళు ఎలా పోతాయో అలా. ఎడమ అంచు ఒకసారి, కుడి అంచు ఒకసారి, మధ్య తీగలాంటి పొరకి రెండు వైపులా ఒకసారి. నేను మూడుసార్లకి తక్కువ ఎప్పుడూ చేయను. తిత్తి ఉంటే వేళ్ళ మధ్య నానిన శనగ గింజలా తగిలి పక్కకి జారుతుంది. చచ్చి గట్టిపడ్డ తిత్తి నూకలా, ఇసక రేణువులా తగులుతుంది.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. నాలుక పైన, బాగా లోపల, ఇరుపక్కలా ఒక్కో గుండ్రటి బుడిపె ఉంటుంది. అది పుట్టుకతో వచ్చిందే, అన్ని పందులకీ ఉంటుంది. దాన్ని చూసి రోగమని మంచి పందిని వదిలేసినవాళ్ళు ఉన్నారు. పన్ను గుచ్చుకుని మానిన మచ్చ గట్టిగా తగులుతుంది కానీ జారదు. ఇక నాలుక అడుగున సన్నటి కొత్త గాట్లు, సూది పోట్లు కనబడితే ఆ పందిని కొనకండి. సంతకి తెచ్చే ముందే సూదితో గుచ్చి తిత్తుల్లో నీళ్ళు తీసేసేవాళ్ళు ఉన్నారు. నాకు ఒకసారి అలా అంటగట్టారు, కోశాక భుజం కండ నిండా తిత్తులే.

కనురెప్పలు కూడా విప్పి చూడండి, అప్పుడప్పుడు అక్కడా కనిపిస్తాయి.

రక్త పరీక్ష ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకని అడుగుతారు. ఎలైజా మంచి పరీక్షే. కానీ కుక్కల నుంచి వచ్చే ఇంకో బద్దెపురుగు తిత్తులున్నా ఆ పరీక్ష ఈ రోగమే ఉందని చెప్పవచ్చు. ఫలితం వచ్చేలోపు సంత అయిపోతుంది. వేళ్ళకి తగిలిన తిత్తి విషయంలో అనుమానం ఉండదు, అక్కడికక్కడే తేలిపోతుంది.

దొరక్కపోతే

ఇది జాగ్రత్తగా చదవండి. నాలుకలో తిత్తి దొరికితే రోగం ఉన్నట్టే. దొరక్కపోతే మాత్రం లేనట్టు కాదు. కొద్ది తిత్తులే ఉన్న పందుల్లో సగానికి పైగా ఈ పరీక్షకి దొరకవు, నా చేతికైనా సరే. 'నాలుక చూశాను, ఏమీ లేదు, పచ్చిపచ్చిగా కాల్చుకుని తినొచ్చు' అనేవాళ్ళకి నేను పరీక్ష చేసిపెట్టను. కోసేటప్పుడు దవడ కండ, గుండె, భుజం కండ, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొర కండ గాట్లు పెట్టి చూడాలి. ముద్ద మాంసం లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కి, కైమా 71 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. థర్మామీటరు లేనివాళ్ళు ముక్క కోసి చూడండి, లోపల గులాబి రంగు మిగలకూడదు. ఫ్రీజర్‌లో అయితే -5 డిగ్రీల దగ్గర 4 రోజులు, -15 దగ్గర 3 రోజులు, -24 దగ్గర ఒక రోజు ఉంచితే తిత్తులు చస్తాయి. పొగబెట్టడం, ఎండబెట్టడం నమ్ముకోవద్దు.

దొరికితే

పందిని రహస్యంగా ఇంకో సంతకి తోలకండి. కట్టేసి పెంచండి, పశువైద్యుణ్ణి పిలవండి. ఆక్స్‌ఫెండజోల్ అనే మందు కిలో బరువుకి 30 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇస్తే కండల్లో తిత్తులు చస్తాయి. అవి కరిగిపోవడానికి మూడు నెలల దాకా పడుతుంది, ఈలోపు కోయకూడదు. మిగతా పందులకి టీకా సంగతి అడగండి. ఈ రోగానికి సిస్‌వ్యాక్స్ అనే టీకాని తయారు చేసింది మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థే.

ఆ తర్వాత మనుషుల వైపు చూడాలి. పందికి తిత్తి వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరి పేగులో పెద్ద పురుగు ఉంది. అది మీ ఇంట్లోవాళ్ళకే కావచ్చు, దొడ్డిలో పనిచేసే మనిషికి కావచ్చు. సిగ్గుపడకుండా అందరూ మల పరీక్ష చేయించుకోండి. మలంలో తెల్లటి నాడా ముక్కల్లాంటివి ఎప్పుడైనా పడ్డాయేమో అడగండి. పిల్లలకి బడిలో ఇస్తున్నారు కదా అని మందుల షాపులో అల్బెండజోల్ కొనుక్కుని మింగేయకండి. మెదడులో తిత్తులున్న మనిషికి ఈ మందులు డాక్టరు పర్యవేక్షణ లేకుండా పడితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళు, తరచూ తీవ్రమైన తలనొప్పి ఉన్నవాళ్ళు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి.

చివరగా తాడునీ కర్రనీ సబ్బునీళ్ళలో మరిగించి ఎండలో వేయండి, గుడ్డని కాల్చేయండి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. గోళ్ళ సందులు మరిచిపోవద్దు. నోటుబుక్కులో తేదీ, పంది గుర్తు, ఎవరి దగ్గర కొన్నారో, ఏ ఊరిదో రాసుకోండి. ఒకే ఊరి పందుల్లో రెండోసారి తిత్తి దొరికితే ఆ పేజీ తీసుకుని ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చూపించండి.