సద్దు లేని సరిహద్దు: నాన్ నుంచి పాక్‌బెంగ్‌కి ఎలా దాటాలి

థాయ్‌లాండ్‌లోని నాన్ నుంచి లావోస్‌లోని పాక్‌బెంగ్‌కి రోడ్డు దారిన వెళ్ళాలంటే, మొదట పాస్‌పోర్టు తీసి ఖాళీ పేజీలు లెక్కపెట్టుకోండి. లావోస్ వాళ్ళు సరిహద్దులో అంటించే వీసా స్టిక్కరు ఒక పేజీ మొత్తం మింగేస్తుంది. దానికి తోడు థాయ్‌లాండ్ ముద్రలు, లావోస్ ముద్రలు. మూడు పేజీలన్నా తెల్లగా ఉంటే నిశ్చింత. గడువు కూడా ఇంకో ఆరు నెలలకి పైగా ఉండాలి. టిక్కెట్లు కొన్నాక చూసుకుని లబోదిబోమనే కంటే ముందే చూసుకోవడం మేలు.

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్ళు చేసి కాకినాడలో రిటైరయ్యాను. అందులో సగం కాలం క్యాష్ కౌంటర్లోనే. కాబట్టి ఈ వ్యాసంలో నోట్ల గోల కాస్త ఎక్కువుంటుంది, సర్దుకోండి. 2025 నవంబరులో నేనూ మా చెల్లెలూ వెళ్ళాం. తను ఉప్పాడ చీరల వ్యాపారం చేస్తుంది. అసలు తన కోరిక కంబోడియాలోని ఆంగ్‌కోర్ గుళ్ళు చూడాలని. అయితే ఆ ఏడాది జూన్ నుంచే థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య భూసరిహద్దులు మూసేశారు. అందుకని మీరు ఎటు వెళ్ళాలనుకున్నా, ఆ గేటు ఇప్పుడు తెరిచే ఉందా అన్నది బయల్దేరే వారంలో ఒకసారి చూసుకోండి. నిరుడు వెళ్ళొచ్చినవాళ్ళ మాట ఈ ఏడాదికి పనికిరాదు.

థాయ్‌లాండ్ ఉత్తరం నుంచి లావోస్‌కి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ నది మీదున్న నాలుగో మైత్రీ వంతెన దాటతారు. 2013 డిసెంబరులో తెరిచిన వంతెన అది. అక్కడ పడవ టిక్కెట్లు అమ్మేవాళ్ళూ వెంటపడి తీసుకెళ్ళేవాళ్ళూ ఉంటారు, మీరు ఆలోచించాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. మేం వెళ్ళింది దానికి తూర్పున, నాన్ రాష్ట్రం కొసన ఉన్న హువాయ్ కోన్ గుండా. అవతలి పక్క లావోస్‌లో సాయబురీ రాష్ట్రం, మువాంగ్ ఙెన్ అనే చిన్న ఊరు. ఓనమాలప్పుడు దిద్ది ఆ తర్వాత జన్మలో వాడని ఙ అక్షరానికి ఇన్నాళ్ళకి పని దొరికింది. ఙెన్ అంటే వాళ్ళ భాషలో వెండి, డబ్బు కూడా అదే మాట.

చెల్లెలు ఈ దారే పట్టుబట్టడానికి కారణం నేత. నాన్ చుట్టుపక్కల తాయ్ లూ జనం నేసే బట్టలో పారే నీళ్ళలాంటి మెట్లమెట్ల అల్లిక ఒకటుంది, లాయ్ నామ్ లాయ్ అంటారు. హువాయ్ కోన్ సరిహద్దు దగ్గర శనివారం పొద్దున సంత జరుగుతుంది, లావోస్ వైపు నుంచి జనం సరుకు మోసుకొస్తారు. ఆ బట్టలు చూడాలని ఉంటే శుక్రవారానికే నాన్ చేరండి. లేదంటే ఏ రోజైనా ఒకటే.

ఇక డబ్బు సంగతి. లావోస్ వీసా అక్కడికక్కడే ఇస్తారు, 30 రోజులకి. మా ఇద్దరికీ తలా 40 డాలర్లు పడింది. రుసుములు మారుతుంటాయి, తలకి ఓ పది డాలర్లు పైన ఉంచుకోండి. థాయ్ బాట్‌లో కడతామంటే లెక్క మనకి నష్టంగానే కడతారు. కార్డులూ ఫోను చెల్లింపులూ నమ్ముకోవద్దు. మన దగ్గర డాలర్లు మార్చుకుంటే కౌంటర్లో నూర్లే చేతిలో పెడతారు. వద్దని చెప్పి ఇరవైలు, పదులు, ఐదులు అడిగి తీసుకోండి. పాతవి అంటగడితే తిప్పి ఇవ్వండి. ఫెళఫెళలాడే నోట్లు కావాలి, మడత గీత కూడా గట్టిగా పడకూడదు. మధ్యకి మడిచి పర్సులో పెట్టుకునే అలవాటుంటే అది మానేసి ఓ పుస్తకం మధ్యలో పెట్టుకోండి. నేను మా చెల్లెలి చీరల ఆర్డర్ల పుస్తకంలో పెట్టాను.

ఈ-వీసా తీసుకుంటే పోదా అని అడిగేవాళ్ళకి: లావోస్ ఈ-వీసా అన్ని సరిహద్దుల్లోనూ చెల్లదు. దరఖాస్తు చేసే ముందు అది చెల్లే చెక్‌పోస్టుల జాబితాలో మీరు దాటబోయే గేటు పేరుందో లేదో చదవండి. పేరు లేకపోతే ఆ కాగితం చిత్తుకాగితమే. విమానాశ్రయాల్లో పనికొస్తుంది కదా అని ఇక్కడా చెల్లుతుందనుకోవద్దు.

సంచిలో ఇవి కూడా పడేసుకోండి: రెండు పాస్‌పోర్టు ఫోటోలు, పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సులు, ఒక పెన్ను. పెన్ను అంటే నవ్వకండి. అక్కడ మాతో పాటు నిలబడ్డ ఇద్దరు తెల్లకుర్రాళ్ళు నా పెన్ను కోసం పావుగంట కాచుకున్నారు. ఆ రాత్రి దిగబోయే బస పేరు, ఊరు ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫారంలో అడుగుతారు. కొండల్లో ఫోను సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

హైదరాబాదు నుంచి బ్యాంకాక్ చేరడం మీకు చెప్పక్కర్లేదు. బ్యాంకాక్ నుంచి నాన్‌కి రాత్రి బస్సులున్నాయి, చిన్న విమానమూ ఉంది. మేం బస్సులో వెళ్ళాం. టిక్కెట్టు మీద సంవత్సరం 2568 అని చూసి చెల్లెలు బెదిరిపోయింది. థాయ్‌వాళ్ళది బౌద్ధ శకం, మన లెక్కకి 543 కలపాలి. సరిహద్దు దాటి లావోస్‌లో అడుగుపెడితే మళ్ళీ 2025కే వస్తారు. గడియారం మాత్రం రెండు దేశాలకీ ఒకటే, మనకంటే గంటన్నర ముందు.

నాన్‌లో ఒక రాత్రి పడుకోండి. బస్టాండు నుంచి పొద్దున్నే వ్యాన్లు బయల్దేరతాయి. పువా, థుంగ్ చాంగ్ మీదుగా కొండలెక్కుతూ మూడు గంటల దారి. వ్యాను ఎక్కేటప్పుడు డ్రైవరుతో "హువాయ్ కోన్, దాన్" అనండి. దాన్ అంటే చెక్‌పోస్టు. లేకపోతే ఊళ్ళోనే దించేసి వెళ్ళిపోవచ్చు. మొదటి వ్యానుకే వెళ్ళండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. కడుపులో తిప్పే స్వభావమైతే మాత్ర వేసుకుని, ముందు సీటు అడగండి.

ఇప్పుడు అసలు విషయం. పెద్ద సరిహద్దుల్లో మనం తప్పు చేద్దామన్నా చెయ్యలేం, క్యూ మనల్ని లాక్కెళ్ళిపోతుంది. ఇలాంటి చిన్నచోట క్యూ ఉండదు. ఒక రోడ్డు, పక్కన ఓ భవనం, గేటు, నీడలో పడుకున్న కుక్క. రోడ్డు సూటిగా ముందుకు పోతూ ఉంటుంది. సంతలో రెండు గంటలు గడిపి, చేతిలో బట్టల మూటతో మా చెల్లెలు ఆ రోడ్డు పట్టుకుని నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళిపోయింది. నేను వెనకాల సామాను లాక్కుంటూ వస్తున్నాను. గేటు దగ్గరున్న కుర్రాడు తనని ఆపి, అరచేతి మీద పిడికిలితో రెండుసార్లు గుద్ది చూపించాడు. ముద్ర పడిందా అని. తనకి అర్థం కాలేదు, ఏదో కొడతానంటున్నాడనుకుని "అక్కా!" అని కేకేసింది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. దేశం విడిచి వెళ్ళే ముద్ర ఒకటి, కొత్త దేశంలోకి వచ్చే ముద్ర ఒకటి. మొదటిది లేకుండా అవతలికి పోతే వాళ్ళు వీసా ఇవ్వరు, వెనక్కి పంపుతారు. వెనక్కి పంపకుండా పొరపాటున వదిలేస్తే ఇంకా కష్టం. థాయ్‌లాండ్ లెక్కలో మీరు ఇంకా అక్కడే ఉన్నట్టు, గడువు దాటితే రోజుకి 500 బాట్ల జరిమానా. థాయ్ వైపు కిటికీలో పాస్‌పోర్టు ఇవ్వండి, ముద్ర వేయించుకోండి, అక్కడే నిలబడి తేదీ చదవండి. మా బ్యాంకులో "కౌంటరు వదిలాక ఫిర్యాదు చెల్లదు" అని బోర్డుండేది, ఇక్కడ బోర్డు లేదు గానీ రూలు అదే. బయటికి వెళ్ళడానికి థాయ్ వైపు ఏ రుసుమూ లేదు.

రెండు చెక్‌పోస్టుల మధ్య కొంత దూరం ఎవరిదీ కాని రోడ్డు. నడవొచ్చు. కానీ ఎండా, ఎత్తూ, సామానూ. మాకు ఓ పికప్ వాడు దొరికాడు, చెరో కొంత ఇచ్చాం. ఎక్కేముందే వేళ్ళతో లెక్క ఖాయం చేసుకోండి. ఈ దారిలో ఎక్కడో బళ్ళు ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మారిపోతాయి, లావోస్‌లో కుడివైపు నడుపుతారు. కాబట్టి అవతలికి చేరాక రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడండి. మాకు రెండు రోజులు పట్టింది అలవాటు కావడానికి.

లావోస్ కార్యాలయంలో మొదట వీసా కిటికీ, తర్వాత ముద్ర కిటికీ. ఫారం నింపి, ఫోటో, పాస్‌పోర్టు, డబ్బు కలిపి లోపలికి తొయ్యాలి. నేను నాలుగు ఇరవైలు ఇచ్చాను, ఇద్దరికీ కలిపి. ఆయన నింపాదైన మనిషి. ఒక్కో నోటూ కిటికీ వెలుతురుకి ఎత్తి, బొటనవేలి గోరుతో అంచు రాసి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. మూడు నోట్లు పక్కన పెట్టాడు. నాలుగోదాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా నావైపు జరిపి, తల అడ్డంగా ఊపాడు. తీసి చూస్తే, నోటు మీదున్న జాక్సన్ బొమ్మ నుదుటి పక్కన నీలం బాల్‌పెన్ను గీత, బియ్యపుగింజలో సగం ఉంటుందేమో. డాలర్లు మార్చుకున్న దుకాణంలో ఎవడో కట్ట లెక్కపెడుతూ టిక్కు కొట్టి ఉంటాడు. ముప్పై మూడేళ్ళలో ఇలాంటి గీత నోట్లు ఎంతమందికి తిప్పికొట్టానో! కౌంటరుకి ఇవతల నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. వేరే ఇరవై ఇచ్చాను. ఆ గీత నోటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మేలైన పద్ధతి ఏమిటంటే, కట్టాల్సిన దానికి రెండు నోట్లు అదనంగా, విడిగా పెట్టుకోండి. శని, ఆదివారాల్లో కొద్దిగా అదనపు రుసుము అడగొచ్చు, రసీదు అడిగి కట్టెయ్యండి, వాదన పెట్టుకోకండి. ఫోటోలు తీయకండి. నవ్వుతూ "సబాయ్‌దీ" అనండి, వాళ్ళ నమస్కారం అది. స్టిక్కరు అంటించాక పేరులో అక్షరాలూ పాస్‌పోర్టు నంబరూ సరిచూసుకోండి. ఇంటిపేరు, అసలు పేరు తారుమారు కావడం మన తెలుగువాళ్ళకి ఎక్కడికెళ్ళినా తప్పని పాట్లే. తర్వాత రెండో కిటికీలో ప్రవేశ ముద్ర. వీసా అంటించేశారు కదా అని అది మర్చిపోయి బయటికి రావద్దు.

లావోస్ డబ్బు కిప్‌లు కొంచెం ఇక్కడే తీసుకోండి, లేదా ఊళ్ళో. మేం వెళ్ళినప్పుడు రూపాయికి 240 కిప్‌ల పైమాటే. యాభైవేలు, లక్ష నోట్లు చేతికి రాగానే ధనవంతులమైపోయామనిపిస్తుంది. లక్ష కిప్‌లంటే మన నాలుగు వందలు, అంతే. బేరాల్లో సున్నాలు తడబడకుండా మూడు సున్నాలు కొట్టేసి నాలుగుతో గుణించండి.

మొదటి వ్యానుకే రమ్మన్నది దీనికే: మువాంగ్ ఙెన్ నుంచి మెకాంగ్ ఒడ్డునున్న పాక్‌బెంగ్‌కి సుమారు 40 కిలోమీటర్లు, షేరింగు బండ్లు రోజుకి లెక్కపెట్టినన్నే. మధ్యాహ్నం దాటితే ఊళ్ళోనే ఆగాలి, లేదా బండి మొత్తం మాట్లాడుకోవాలి. ఆగినా నష్టమేం లేదు, ఆ ఊరూ తాయ్ లూ వాళ్ళదే, మగ్గాలున్న ఇళ్ళు కనిపిస్తాయి. దారిలో కొండల మీదుగా పెద్ద పెద్ద కరెంటు తీగలు థాయ్‌లాండ్ వైపు పోతుంటాయి. దగ్గర్లోనే హోంగ్‌సాలో 1,878 మెగావాట్ల లిగ్నైట్ విద్యుత్ కేంద్రం ఉంది, అందులో ఎక్కువ కరెంటు థాయ్‌లాండ్ కొంటుంది. మనుషులు ఇంత తక్కువగా దాటే చోట కరెంటు రాత్రీపగలూ దాటుతోంది.

ఆ రాత్రి పాక్‌బెంగ్‌లో బస. పడవ మీదొచ్చేవాళ్ళంతా సాయంత్రం ఒక్కసారి దిగుతారు, అంతకు ముందే వెళ్ళి గది తీసుకోండి. శాకాహారులైతే జిగురన్నం, ఉడికించిన కూరలు, గుడ్డు తినేవాళ్ళయితే అట్టు. మా దగ్గర పండుమిరప పచ్చడి ఉంది కాబట్టి మాకు దిగుల్లేదు. మర్నాడు పొద్దున లావోస్ పాత రాజధాని లువాంగ్ ప్రబాంగ్‌కి వెళ్ళే పడవకి టిక్కెట్టు రేవులోనే కొనండి. ఏడెనిమిది గంటల ప్రయాణం. పడవ ఊళ్ళో కాకుండా దాదాపు పది కిలోమీటర్ల ముందు దించేస్తుంది. ఆటోకి డబ్బు ఉంచుకోండి.

తిరిగి థాయ్‌లాండ్ రావాలంటే రెండు సంగతులు. 2025 మే 1 నుంచి ఏ దారిన వచ్చినా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, వచ్చే ముందు మూడు రోజుల్లోపు. వెళ్ళేటప్పుడు బ్యాంకాక్‌లో నింపింది మళ్ళీ చెల్లదు, కొత్తది కావాలి. అది ఉచితం. డబ్బడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అసలుది కాదు. రెండోది, వీసా లేకుండా భూమార్గంలో లోపలికి రావడం ఏడాదికి రెండుసార్లే. ఒకసారి వెళ్ళొచ్చేవాళ్ళకి ఇబ్బంది లేదు, అటూ ఇటూ తిరిగేవాళ్ళు లెక్క చూసుకోవాలి.

మేం లువాంగ్ ప్రబాంగ్ నుంచి రైల్లో రాజధాని వియెన్‌ట్యాన్‌కి వచ్చి, మొదటి మైత్రీ వంతెన మీదుగా థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్‌లో దిగాం. అక్కడ క్యూలున్నాయి, బోర్డులున్నాయి, చెల్లెలు ఏ గేటూ దాటిపోలేదు. కిప్‌లు మాత్రం వంతెన ఇవతలే ఖర్చు పెట్టేసుకోండి, దాటాక వాటిని ఎవరూ తీసుకోరు. తన బట్టల మూట అడుగున 47 వేలు మిగిలిపోయాయి. అవి అరటిపళ్ళకి ఇచ్చెయ్యమని రేవులోనే చెప్పాను, వినలేదు.