వాల్గాలో కంపెనీ పెట్టాలంటే: దరఖాస్తు ఎలా, సరిహద్దు దగ్గర ఏం చూసుకోవాలి

వాల్గా ఎస్టోనియాకు దక్షిణపు అంచున ఉన్న చిన్న ఊరు. వీధి దాటితే వాల్కా, అది లాత్వియా. 1920లో బ్రిటిష్ అధికారి స్టీఫెన్ టాలెంట్స్ మధ్యవర్తిగా గీసిన గీత ఒకే ఊరిని రెండు దేశాలకు పంచేసింది. 2007 డిసెంబరు 21న రెండు దేశాలూ షెంగెన్‌లోకి, అంటే సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలోకి వచ్చాక చెక్‌పోస్టులు పోయాయి. రెండు వైపులా యూరోనే నడుస్తుంది, జనం కూరగాయలకు వెళ్లినంత మామూలుగా అటూ ఇటూ తిరుగుతారు. దాంతో కంపెనీకి కూడా సరిహద్దు లేదనుకుంటారు కొత్తవాళ్లు. అది పొరపాటు. పన్ను, ఉద్యోగుల బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ ఆ గీత దగ్గర మారిపోతాయి.

అందుకే ఫారం తెరవకముందే ఒక విషయం తేల్చుకోవాలి. పని ఎక్కడ జరుగుతుంది? సరుకు ఎక్కడ ఉంటుంది? నిర్ణయాలు ఎవరు, ఎక్కడ కూర్చుని తీసుకుంటారు? కంపెనీని ఎస్టోనియాలో రిజిస్టర్ చేసి గోడౌన్ వాల్కాలో పెడితే, లాత్వియా పన్ను శాఖ దృష్టిలో మీకు అక్కడ శాశ్వత వ్యాపార స్థలం ఉన్నట్టు లెక్క కావచ్చు. అలా అయితే రెండు దేశాల్లోనూ లెక్కలు చూపించాలి.

ఇక విధానం. వాల్గా చిన్న ఊరు కదా, మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాలేమో అనుకోకండి. ఎస్టోనియా మొత్తానికీ కంపెనీల రిజిస్టర్‌ను చూసేది టార్టూ కౌంటీ కోర్టులోని రిజిస్ట్రేషన్ విభాగం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఈ-బిజినెస్ రిజిస్టర్ పోర్టల్ ద్వారా వెళ్తుంది. లోపలికి వెళ్లాలన్నా, సంతకం పెట్టాలన్నా ఎస్టోనియా డిజిటల్ గుర్తింపు కావాలి. అక్కడ నివాసం ఉన్నవాళ్లకు ఐడీ కార్డు ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు ఈ-రెసిడెన్సీ కార్డు దారి, అంటే విదేశీయులకు ఎస్టోనియా ఇచ్చే డిజిటల్ గుర్తింపు కార్డు. ఈ పథకం 2014 డిసెంబరు నుంచి ఉంది.

ఈ-రెసిడెన్సీ దరఖాస్తుకు పాస్‌పోర్టు కాపీ, ఫొటో, మీ గురించిన వివరాలు, కార్డు ఎందుకు కావాలో చెప్పే చిన్న వివరణ ఇవ్వాలి. ప్రభుత్వ ఫీజు ప్రస్తుతం 150 యూరోలు, కట్టే రోజు ఒకసారి చూసుకోండి. ఎస్టోనియా పోలీసు, సరిహద్దు రక్షణ శాఖ మీ నేపథ్యం పరిశీలిస్తుంది. వివరణలో ఏ వ్యాపారం, ఎవరికి అమ్ముతారు, ఎస్టోనియానే ఎందుకు అన్నది సూటిగా రాయండి. గొప్పలు అక్కర్లేదు. కార్డు పోస్టులో రాదు. మీరే స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇచ్చి తీసుకోవాలి, మనకు న్యూఢిల్లీలోని ఎస్టోనియా ఎంబసీ ఉంది. కాబట్టి ఢిల్లీ ప్రయాణ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి. కార్డు అయిదేళ్లు పనిచేస్తుంది.

ఈ-రెసిడెన్సీ కార్డు వీసా కాదు. నివాస హక్కు కాదు. దీన్ని చూపించి యూరప్‌లో దిగలేరు, ఉండలేరు, ఉద్యోగం చేయలేరు. పేరులో 'రెసిడెన్సీ' ఉందని 'యూరప్ పీఆర్' అంటూ లక్షలు అడిగే కన్సల్టెంట్ ఎవరైనా ఎదురైతే అక్కడే ఆగిపోండి. వాల్గాలో ఉండి వ్యాపారం నడపాలంటే వ్యాపారం కోసం ఇచ్చే తాత్కాలిక నివాస అనుమతికి వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. దానికి మామూలుగా కంపెనీలో కనీసం 65,000 యూరోల పెట్టుబడి చూపించాలి, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు వేరే దారి ఉంది. ఆ అనుమతి ఎస్టోనియా వరకే. వాల్కాకు నడిచి వెళ్లొచ్చు గానీ, అక్కడ పని చేయడానికి అది చెల్లదు.

కార్డు చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ త్వరగా సాగుతుంది. మన ప్రైవేట్ లిమిటెడ్‌కు దగ్గరగా ఉండే రూపాన్ని అక్కడ ఓసాయూహింగ్ అంటారు. ఒక్కరే పెట్టొచ్చు. పేరు ఇప్పటికే ఉన్న కంపెనీల పేర్లకు, ట్రేడ్‌మార్కులకు దగ్గరగా ఉందేమో పోర్టల్‌లోనే చూసుకోవాలి. వ్యాపార రంగం కోడ్ ఎంచుకోవాలి. నియమావళికి పోర్టల్‌లో సిద్ధంగా ఉన్న నమూనా చిన్న కంపెనీకి సరిపోతుంది. అసలు యజమాని ఎవరన్నది కూడా రాయాలి. వ్యవస్థాపకులు, బోర్డు సభ్యులు అందరూ డిజిటల్‌గా సంతకం చేయాలి, ఒక్కరికి కార్డు లేకపోయినా దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ప్రభుత్వ ఫీజు 265 యూరోలు. కాగితాలు సరిగా ఉంటే నిర్ణయం కొద్ది పని దినాల్లోనే వస్తుంది. కార్డు లేనివాళ్లు నోటరీ ద్వారా వెళ్లొచ్చు, పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ) చేయించి పంపాలి. ఖర్చు, ఆలస్యం రెండూ ఎక్కువ.

మూలధనం సంగతి. 2,500 యూరోల కనీస మొత్తం నిబంధనను 2023 ఫిబ్రవరి 1 నుంచి తీసేశారు. ఇప్పుడు ఒక్కో వాటాకు ఒక సెంటు చాలు. చట్టం ఒప్పుకున్నా నేను మాత్రం ఒక సెంటుతో మొదలుపెట్టమని చెప్పను. బ్యాంకు గానీ సరఫరాదారు గానీ రిజిస్టర్ తెరిచి ఆ అంకె చూస్తే నమ్మకం ఎలా కలుగుతుంది? మొదటి ఏడాది ఖర్చులకు సరిపడా పెట్టడం మంచిది.

వాల్గా చిరునామా దగ్గర చాలామంది తడబడతారు. బోర్డు ఎస్టోనియా బయట ఉంటే అక్కడ లైసెన్సు ఉన్న కాంటాక్ట్ పర్సన్‌ను, అంటే కంపెనీ తరఫున అధికారిక కాగితాలు అందుకునేవారిని పెట్టుకోవడం తప్పనిసరి. ఈ సేవ ఇచ్చే సంస్థలు ఎక్కువగా టాలిన్‌లో ఉంటాయి, సాధారణంగా చిరునామా కూడా వాళ్లదే వాడతారు. అంటే ఇండియాలో కూర్చుని పెట్టిన కంపెనీ కాగితం మీద టాలిన్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ. వాల్గా చిరునామా నిజంగా అవసరమయ్యేది అక్కడ షాపు, వర్క్‌షాపు, గోడౌన్ లాంటిది పెట్టేవాళ్లకే. వాళ్లు స్థలం యజమానితో రాతపూర్వక ఒప్పందం ముందే చేసుకోవాలి.

వ్యాట్‌లో, అంటే మన జీఎస్టీ లాంటి అమ్మకపు పన్నులో, సరిహద్దు బాగా తెలుస్తుంది. ఏడాది టర్నోవర్ 40,000 యూరోలు దాటితే ఎస్టోనియాలో నమోదు తప్పదు. 2025 జులై నుంచి అక్కడ రేటు 24 శాతం, లాత్వియాలో 21. వాల్కా మనిషి మీ వాల్గా షాపుకు వచ్చి కౌంటర్ దగ్గర కొంటే ఎస్టోనియా వ్యాట్. అదే వస్తువును మీరు వాల్కాలోని ఆయన ఇంటికి పంపితే అది దూర విక్రయం. ఇతర యూరోపియన్ యూనియన్ దేశాల వినియోగదారులకు ఇలా పంపిన సరుకు మొత్తం ఏడాదికి 10,000 యూరోలు దాటాక లాత్వియా రేటు వేయాలి. దీనికోసం వన్ స్టాప్ షాప్ అనే ఉమ్మడి రిటర్ను ఉంది.

ఉద్యోగుల విషయం ఇంకా సున్నితం. పనిలో చేరేలోపే వాళ్ల పేరు ఎస్టోనియా ఉద్యోగ రిజిస్టర్‌లో నమోదు కావాలి. జీతం మీద 33 శాతం సామాజిక పన్ను (పెన్షన్, ఆరోగ్య బీమా కోసం) యజమానే కట్టాలి. వాల్కాలో ఉండే ఉద్యోగి రోజూ వాల్గాకు వచ్చి పనిచేస్తే బీమా ఎస్టోనియాలో. పనిలో నాలుగో వంతు, అంతకు మించి ఇంటి నుంచే చేస్తే మాత్రం లాత్వియా బీమా విధానం వర్తించవచ్చు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చే ముందు ఈ లెక్క చూడండి.

లాభాన్ని కంపెనీలోనే ఉంచితే ఎస్టోనియా కార్పొరేట్ పన్ను వేయదు. డివిడెండ్‌గా తీసినప్పుడే పన్ను, చేతికొచ్చే 78 యూరోలకు 22 యూరోల చొప్పున. 'సున్నా పన్ను' అన్న ప్రచారం వెనక ఉన్నది ఇంతే. బోర్డు సభ్యుడిగా ఫీజు తీసుకుంటే, మీరు ఎక్కడున్నా దానిమీద ఎస్టోనియాలో ఆదాయపన్ను, సామాజిక పన్ను పడతాయి. వ్యాపారం జరగకపోయినా ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో వార్షిక నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా, చివరికి రిజిస్టర్ నుంచి తొలగింపు.

ఇండియా నివాసులకు ఇంకో దరఖాస్తు కూడా ఉంది, చాలామంది కన్సల్టెంట్లు దాని మాటే ఎత్తరు. విదేశీ కంపెనీలో వాటా కొనడం 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కిందికి వస్తుంది. డబ్బు మీ బ్యాంకు ద్వారానే, విదేశీ పెట్టుబడి వివరాలు చెప్పే ఫారం ఎఫ్‌సీ ఇచ్చి పంపాలి. రిజర్వ్ బ్యాంకు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. పరిమితి ఏడాదికి 2,50,000 డాలర్లు. ఆ తర్వాత ఏటా డిసెంబరు 31లోగా పనితీరు నివేదిక, ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ రెండూ ఇవ్వాలి. ఆ షెడ్యూల్‌లో చూపించకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. కాబట్టి ఎస్టోనియా పోర్టల్‌లో సంతకం పెట్టేముందే మీ బ్యాంకు ఫారెక్స్ విభాగంతో, ఈ నిబంధనలు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడండి. వాటాల డబ్బు వెళ్లిపోయాక వెనకటి తేదీతో ఆ కాగితాలు సరిచేయడం చాలా కష్టం.