నడుం పట్టేసిందని కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా?

మా డాలస్‌లో ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల సోనామసూరి బస్తాని కారు డిక్కీలోంచి ఒంటి చేత్తో లాగబోయి, సగం వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. నడుం పట్టేసింది. రెండు రోజులు మంచం దిగలేదు. అదే నేను చేసిన తప్పు. కాపడం పెట్టుకుని, ఓర్చుకోగలిగినంత మేర ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండాల్సింది.

ముందు ఇవి చూసుకోండి. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే. జ్వరం, ఊరికే బరువు తగ్గడం, కిందపడి దెబ్బ తగలడం, గతంలో క్యాన్సర్... వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్ చూడాలి.

ఇవేవీ లేకపోతే టెన్షన్ అక్కర్లేదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మసాజ్, వెన్ను సర్దే చికిత్స లాంటివి చూడమని అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చెప్పింది. చేత్తో వెన్నుని తోసి చేసే ఈ సర్దుబాటే కైరోప్రాక్టర్ పని.

నేను మొదట వెళ్లిన కైరోప్రాక్టర్ దగ్గర నన్ను సరిగ్గా చూడకుండానే వెన్ను మొత్తానికి ఎక్స్-రే అన్నారు. 24 సిట్టింగులకు ముందే కడితే డిస్కౌంటట! లేచి వచ్చేశాను.

రెండో ఆయన పావుగంట ప్రశ్నలే అడిగాడు. మడమల మీద నడిపించాడు, తర్వాత మునివేళ్ల మీద. పడుకోబెట్టి కాలు మడవకుండా పైకెత్తి, నొప్పి పిక్క దాకా లాగుతోందా అని అడిగాడు. నరం నొక్కుకుపోయిందేమో తెలిసేది ఇలాగే. ఆ తర్వాతే పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైకాలు మడిచి, భుజం పట్టుకుని తుంటి దగ్గర ఒక్క తోపు తోశాడు. టప్‌మంది! ఎముక జారి మళ్లీ కూర్చుందనుకునేరు, అది కీలు ద్రవంలోని గ్యాస్ చేసే చప్పుడు. మర్నాడు కాస్త సలిపింది, అది మామూలే.

నేను పెట్టుకున్న లెక్క ఆరు సిట్టింగులు. అప్పటికీ తేడా లేకపోతే ఫిజియోథెరపీకి వెళ్లేవాణ్ణి. నాలుగింటికే తగ్గింది, అయితే రోజూ అరగంట నడక కూడా మొదలుపెట్టాను. తగ్గింది దేనివల్లో ఒట్టేసి చెప్పలేను.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఇంకో జాగ్రత్త. ఎముకలు గుల్లబారినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఆ సంగతి ముందే చెప్పండి. వాళ్లకి ఆ తోపు పనికిరాదు.

ఇప్పుడు బస్తాని ముందు డిక్కీ అంచుకి జరిపి, మోకాళ్లు వంచి, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని ఎత్తుతున్నాను. 10 పౌండ్లవి రెండు కొందామంటే మా ఆవిడ ధర ఎక్కువంటుంది.