ఇలస్ట్రేటర్‌లో తెలుగు వత్తులు విడిపోతుంటే: నా అనుభవం

చెన్నైలో జూనియర్ డిజైనర్‌గా చేరిన రెండో నెల. నెల్లూరు బట్టల షాపుకి ఇలస్ట్రేటర్ అనే అడోబీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఉగాది పోస్టర్ చేశాను. 'శుభాకాంక్షలు'లో క్ష విడిపోయింది. క మీద పొల్లు, పక్కన ష విడిగా. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కడినే, హడావుడిలో నేనూ చూసుకోలేదు. షాపాయన ఫోన్ చేసి, "ఏం బాబూ, మద్రాసులో తెలుగు ఇలాగే రాస్తారా?" అన్నాడు.

నాలుగు ఫాంట్లు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, వర్డ్‌లో టైప్ చేసి పేస్ట్ చేశాను, లాభం లేదు.

తప్పు ఫాంట్‌ది కాదు, అక్షరాలు కూర్చే కంపోజర్‌ది. మామూలుగా ఉండే కంపోజర్‌కి మన వత్తులు కలపడం రాదు. ముందు ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి 'షో ఇండిక్ ఆప్షన్స్'కి టిక్ పెట్టాను. అంతటితో అయిపోయిందనుకుని గంటసేపు తల పట్టుకున్నాను. పాత టెక్స్ట్ దానంతటది మారదు. దాన్ని సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న చిన్న మెనూలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ సింగిల్ లైన్ కంపోజర్' ఎంచుకోవాలి. అప్పుడు మండలి ఫాంట్ పెట్టగానే వత్తు బుద్ధిగా కిందకి చేరింది. ప్రెస్‌లో ఆ ఫాంట్ ఉండకపోవచ్చు కాబట్టి, ఫైల్ కాపీ ఒకటి దాచుకుని క్రియేట్ అవుట్‌లైన్స్ చేసి, అంటే అక్షరాల్ని బొమ్మల్లాంటి ఆకారాలుగా మార్చి పంపాను.

ఇదంతా యూనికోడ్ ఫాంట్లకే. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్ అయితే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. నేను చూసింది నా విండోస్ మెషీన్ ఒక్కదాంట్లోనే. మీ వెర్షన్‌లో మెనూ పేర్లు కాస్త వేరుగా ఉండొచ్చు.

షాపాయన మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి చీర ధర తప్పుపడిందట. దానికి కంపోజర్ ఏం చేస్తుంది!